గుట్ట కాని దీవి: తరగతిలో కవరత్తి నమూనా చేయించే పద్ధతి

నల్లగొండ, పాలమూరు పిల్లలకు గుట్టలూ చెరువులూ పుట్టినప్పటి నుంచీ తెలిసినవే కాబట్టి, దీవి నమూనా చేసుకురమ్మంటే తాంబాళంలో చెరువు మట్టిని గుట్టలా పోసి చుట్టూ నీళ్లు నింపి తెస్తారు. లక్షద్వీప్ అలా ఉండదు. అక్కడి 36 దీవుల మొత్తం విస్తీర్ణం 32 చదరపు కిలోమీటర్లు, అంటే మన నాగార్జునసాగర్ జలాశయంలో సుమారు తొమ్మిదో వంతు; చాలాచోట్ల నేల సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది.

లక్షద్వీప్ రాజధాని ఉన్న దీవి కవరత్తిని తీసుకొని, 1 సెంటీమీటరుకు 100 మీటర్ల చొప్పున పెద్ద అట్ట మీద గీయించండి. దాదాపు 6 కిలోమీటర్ల పొడవున్న దీవి 60 సెంటీమీటర్లు వస్తుంది. ఆ తర్వాత ఎత్తును కూడా అదే కొలతలో పిల్లల చేతనే లెక్క కట్టించండి: రెండు మీటర్లకు 0.2 మిల్లీమీటర్లు, అంటే నోటుపుస్తకపు కాగితాలు రెండు మూడింటి మందం. కాబట్టి మట్టి అక్కరలేదు. దీవి ఆకారంలో కాగితాలు కత్తిరించి అతికిస్తే చాలు. ఎత్తును పెంచి చూపే నమూనా ఎంత అందంగా ఉన్నా ఇక్కడ అసలు విషయాన్నే దాచేస్తుందని నా అభిప్రాయం.

దీవికి పడమటి వైపు లోతు తక్కువైన లగూన్‌ను (దీవికీ పగడపు దిబ్బకీ మధ్య ఉండే సముద్రపు నీటి మడుగును) లేత నీలంతో, దాని వెలుపలి అంచున పగడపు దిబ్బను తెల్లని దారంతో చూపించండి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఆ దిబ్బ మీదే విరుగుతాయి. (లక్షద్వీప్‌లోనే ఉన్న ఆండ్రోత్ దీవిని ఎంచుకోకండి; దానికి లగూన్ లేదు.)

నీటి సంగతికి ఎక్కువ సమయం ఇవ్వండి. అక్కడ నదులు లేవు. మన బోర్లలో నీరు నల్లరాతి పగుళ్లలో దొరికితే, అక్కడ వాననీరు పగడపు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి కంటే తేలిక కావడం వల్ల దానిపై పొరగా తేలుతుంది. సిద్ధాంతరీత్యా సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిచి ఉంటే కింద సుమారు 40 మీటర్ల వరకు ఉండవచ్చు గానీ, ఇంత చిన్న దీవుల్లో పొర పలుచనగానే ఉంటుంది. దీనిని చూపడానికి గాజు గ్లాసులో సగం వరకు చిక్కటి ఉప్పునీరు పోసి, రంగు కలిపిన మంచినీటిని చెంచా వీపు మీదుగా నెమ్మదిగా జార్చండి. సూది లేని సిరంజి కొనను రంగు పొర మధ్యలో కదలకుండా ఉంచి కొద్దికొద్దిగా లాగిస్తే, మొదట రంగు నీరే వచ్చి, తొందరపడి గట్టిగా లాగినప్పుడు అడుగునున్న ఉప్పునీరు పైకి లేచి అందులో కలుస్తుంది.