ఎత్తడం తర్వాత, ముందు ఆనుకోవడం నేర్చుకోండి

కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ అంటే ఒకరి మీద ఒకరు బరువు ఆనించుకుంటూ, ముందేమీ అనుకోకుండా అప్పటికప్పుడు చేసే డాన్స్. దాని వీడియోలు చూసి మొదటిరోజే ఒకరినొకరు భుజాల మీదికి ఎత్తుకోవాలని చూస్తారు చాలామంది. దయచేసి అలా మొదలుపెట్టకండి.

1972లో ఈ డాన్స్‌ని మొదలుపెట్టిన స్టీవ్ పాక్స్‌టన్ అనే అమెరికన్ డాన్సర్, జిమ్నాస్టిక్స్, అయికిడో (జపాన్ యుద్ధవిద్య) రెండూ నేర్చినవాడు, అమెరికాలోని ఓబర్లిన్ కాలేజీలో కుర్రాళ్లతో 'మెగ్నీషియం' అనే ప్రదర్శన చేయించాడు. మ్యాట్ మీద ఢీకొనడం, పడడం, దొర్లడం, చివర్లో కదలకుండా నిలబడడం, అంతే. మనం కూడా అక్కడినుంచే మొదలుపెడదాం.

ముందు నేల చూసుకోండి. విజయనగరంలో మా ఇంట్లో టైల్స్, నేనూ మా తమ్ముడూ రెండు బొంతలు పరిచి మొదలుపెడితే బొంత జారి నా మణికట్టు బెణికింది. జారని మ్యాట్ వెయ్యండి, లేదా తెల్లవారుజామున కళింగపట్నం బీచ్‌కి వెళ్లండి, నిలబడడానికి తడి ఇసుక, పడడానికి పొడి ఇసుక.

కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. మీరు కదలడం లేదనుకుంటారు గానీ పడిపోకుండా ఒళ్లు తనంతట తనే సన్నగా ఊగుతూ సర్దుకుంటుంటుంది, పాక్స్‌టన్ దాన్నే 'స్మాల్ డాన్స్' అన్నాడు. నాకు ఈ డాన్సులో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, దీన్ని ఎప్పుడూ ఎగ్గొట్టకండి.

తర్వాత వీపుకి వీపు ఆనించి నిలబడండి. మీ బరువు కొంచెం అవతలివాళ్ల మీద వదలండి, వాళ్లూ వదులుతారు. ఎవరు పక్కకి తప్పుకున్నా రెండోవాళ్లు పడేంతగా ఆనుకున్నాక, ఒకరికొకరు తగలడం విడవకుండా, ఆ తగిలే చోటుని వీపు నుంచి భుజానికి, భుజం నుంచి పక్కకి మెల్లగా దొర్లించండి. ఎటు వెళ్లాలో ముందు అనుకోవద్దు. పడుతున్నారనిపిస్తే చేతులు బిగించి నేలకి ఆనించకుండా మోకాళ్లు మడిచి, తొడ, పిరుదు, వీపు వరసగా నేలకి తగిలేలా దొర్లిపోండి. ఇది ఒంటరిగా ఇరవైసార్లు చెయ్యండి.

ఎత్తడం అప్పుడు. చిన్నప్పటి గుర్రం ఆటలాగా ఒకరు చేతులూ మోకాళ్ల మీద ఉంటే రెండోవాళ్లు వాళ్ల మీద అడ్డంగా పడుకోవాలి, బరువు కిందివాళ్ల తుంటి మీద, భుజాల మీద ఉండాలి గానీ నడుం మధ్యలో కాదు. మన ఉత్తరాంధ్ర జానపద నాట్యం తప్పెటగుళ్లు ఆడేవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడేది ఎంతో సాధన చేశాకే కదా.

మన దగ్గర తాకడమంటే మొహమాటం ఉంటుంది, కాబట్టి అన్నదమ్ములో, అక్కచెల్లెళ్లో, దగ్గరి స్నేహితులో కలిసి మొదలుపెట్టండి. ఎక్కడ తాకొద్దో ముందే చెప్పుకోండి. ఎవరు 'వద్దు' అన్నా ఆ క్షణమే ఆగాలి, కారణం అడగకూడదు.