నలభైకి దగ్గరలో అమెరికా ఎమ్మెస్‌: ముందు బీరువా తీయండి

అమెరికా విశ్వవిద్యాలయాల దరఖాస్తులో వయోపరిమితి ఉండదు. ఎఫ్‌-1 (విద్యార్థి) వీసాకూ లేదు. ముప్పై ఎనిమిదేళ్లవాళ్ల ఫైలు సాధారణంగా ఆగేది పదిహేనేళ్ల కిందటి కాగితాల దగ్గర. అందుకే ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈ పుస్తకాలు కొనకముందే బీరువాలోని సర్టిఫికెట్లు బయటికి తీయండి. ఆగస్టులో మొదలయ్యే ఫాల్‌ సెమిస్టర్‌కు చాలాచోట్ల గడువు డిసెంబరు, జనవరిలోనే అయిపోతుంది. ఆ లెక్కన అంతకుముందు జూన్‌లోనే కాగితాల పని మొదలుపెట్టాలి.

కావాల్సినవి: పదో తరగతి మెమో, అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు, కన్సాలిడేటెడ్‌ మెమో, ప్రొవిజనల్‌, ఓడీ (ఒరిజినల్‌ డిగ్రీ). చాలామంది ప్రొవిజనల్‌ చేతికి రాగానే ఉద్యోగంలో చేరిపోయి ఓడీ సంగతి మర్చిపోతారు. ఓడీకి, ట్రాన్‌స్క్రిప్టులకు (విశ్వవిద్యాలయం ధ్రువీకరించి ఇచ్చే మార్కుల రికార్డు) ఒకేసారి దరఖాస్తు పెట్టండి. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్‌, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. అంతకుముందు చదివినవాళ్లు తమ రికార్డు ఎక్కడుందో పరీక్షల విభాగంలో కనుక్కున్నాకే ఫీజు కట్టాలి. అనుబంధ కాలేజీ మూతపడినా కంగారు వద్దు, పరీక్షల రికార్డు విశ్వవిద్యాలయం దగ్గర ఉంటుంది. ట్రాన్‌స్క్రిప్టులు అనుకున్నదానికంటే రెండు సెట్లు ఎక్కువే తీసుకోండి. సీల్డ్‌ కవరు మూత అతికించినచోట విశ్వవిద్యాలయం ముద్ర, అధికారి సంతకం అడ్డంగా ఉన్నాయో లేదో కౌంటర్‌ దగ్గరే చూసుకోండి. ఇంటికొచ్చి లోపల ఏముందోనని కవరు చింపారంటే అది ఇక పనికిరాదు.

మార్కుల్ని మీరే జీపీఏగా (నాలుగు పాయింట్లకు లెక్కగట్టే సగటుగా) మార్చకండి. 62 శాతాన్ని 25తో భాగిస్తే 2.48 వస్తుంది. మనకు ఫస్ట్‌ క్లాసయినది అక్కడ 3.0 అర్హత కంటే తక్కువగా కనిపిస్తుంది. వందకు ఎంతో అలాగే రాసి, ఫస్ట్‌ క్లాస్‌ అన్న మాట ఉన్న మెమో జతచేయండి. విశ్వవిద్యాలయమే అడిగితే, విదేశీ డిగ్రీల్ని అమెరికా లెక్కలోకి మార్చే డబ్ల్యూఈఎస్‌ లాంటి సంస్థతో మూల్యాంకనం చేయించాలి. మూడేళ్ల బీఎస్సీ, బీకాం మాత్రమే ఉన్నవాళ్లను కొన్ని విశ్వవిద్యాలయాలు తీసుకోవు. దరఖాస్తు ఫీజు కట్టకముందే అడ్మిషన్స్‌ ఆఫీసుకు ఈమెయిల్‌ రాసి జవాబు తెప్పించుకోండి.

పేర్ల తేడా మరీ ఇబ్బంది పెడుతుంది, ముఖ్యంగా ఆడవాళ్లను. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. దరఖాస్తులో పాత పేర్లు అడిగే గడిలో మెమోలో ఉన్న పేరు ఉన్నదున్నట్టు రాయండి. వివాహ ధ్రువపత్రం, రెండు పేర్లూ ఒకరివేనన్న నోటరీ అఫిడవిట్‌ సిద్ధం చేసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోవాలి. లేకపోతే వీసా మీద మీ పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరు ఉండాల్సినచోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్‌ నేమ్‌ అన్‌నోన్‌) అని పడుతుంది. పరీక్షల బుకింగ్‌ ఆ తర్వాతే.

జీఆర్‌ఈ స్కోరు ఐదేళ్లు, ఇంగ్లిష్‌ పరీక్షలైన టోఫెల్‌, ఐఈఎల్‌టీఎస్‌ స్కోర్లు రెండేళ్లు చెల్లుతాయి. అనుభవం ఉన్నవాళ్లకు జీఆర్‌ఈ మినహాయించే కోర్సులున్నాయి. అయినా డిగ్రీలో లెక్కల మార్కులు తక్కువగా ఉంటే రాయడమే మంచిది. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష రెండు గంటల లోపే.

సిఫారసు లేఖలు సాధారణంగా మూడు అడుగుతారు. చదువు చెప్పిన మాస్టార్లు రిటైరై ఉంటారు, మీరు గుర్తుండకపోవచ్చు. మీ పనిని దగ్గరుండి చూసిన మేనేజర్లు ఇద్దరు, దొరికితే ఒక మాస్టారు చాలు. మీ దరఖాస్తులో వాళ్ల ఈమెయిల్‌ ఇస్తే, లేఖ అప్‌లోడ్‌ చేసే లింకు నేరుగా వాళ్లకే వెళ్తుంది. జీమెయిల్‌ కంటే ఆఫీసు ఐడీకి విలువెక్కువ. హెచ్‌ఆర్‌ ఇచ్చే అనుభవ ధ్రువపత్రం సిఫారసు లేఖ కిందికి రాదు. మీరు చేసిన రెండు ప్రాజెక్టుల వివరాలు ఒక పేజీలో రాసి, గడువుకు నెల ముందే మేనేజర్‌కు ఇవ్వండి.

ఎస్‌ఓపీని (ఈ చదువు ఎందుకో మీరు రాసిచ్చే వ్యాసాన్ని) ‘చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ఇష్టం’ అని మొదలుపెట్టకండి, ఆ వాక్యం ఇరవై రెండేళ్ల పిల్లలకే నప్పదు. చదివేవాళ్లకు ముందు తెలియాల్సింది ఈ చదువు ఇప్పుడెందుకన్నదే. పన్నెండేళ్లుగా బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ చూస్తున్నవాళ్లయితే, మోసపు లావాదేవీల్ని పాత నియమాలతో పట్టుకోలేక ఎక్కడ ఆగిపోయారో, అందుకు ఆ కోర్సులో ఏ సబ్జెక్టు కావాలో పేరుతో సహా రాయాలి. పిల్లల పెంపకం కోసం నాలుగేళ్లు ఇంట్లో ఉంటే ఒక్క వాక్యంలో ఉన్నమాట చెప్పండి, క్షమాపణలు అక్కర్లేదు. ఖాళీని దాచడానికి రెజ్యూమెలో తేదీలు సాగదీస్తే వీసా దరఖాస్తులోని ఉద్యోగ వివరాలతో పొసగవు.

ఐ-20 (వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) రావాలంటే కనీసం మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు చూపాలి. భార్యాపిల్లలు వెంట వస్తే ఒక్కొక్కరికీ అదనం. ఫిక్స్‌డ్‌ డిపాజిట్లు, సేవింగ్స్‌ నిల్వ, విద్యారుణం మంజూరు పత్రం పనికొస్తాయి. ఇల్లు, పొలం విలువ చెప్పే సర్టిఫికెట్లను చాలా విశ్వవిద్యాలయాలు లెక్కలోకి తీసుకోవు. సంపాదించే మనిషే ఉద్యోగం మానేస్తున్నారు కాబట్టి బ్యాంకు సహ దరఖాస్తుదారు జీతం చూస్తుంది. ఇంటి లోను ఈఎంఐ ఇంకా నడుస్తుంటే విద్యారుణం మొత్తం తగ్గొచ్చు.

కుటుంబానికి ఎఫ్‌-2 వీసా ఇస్తారు. దాంతో భార్య గానీ భర్త గానీ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. పిల్లలు పన్నెండో తరగతి దాకా స్కూలుకెళ్లొచ్చు, 21 ఏళ్లు నిండగానే ఆ హోదా పోతుంది. మీ పెద్దబ్బాయికి ఇప్పుడు పంతొమ్మిదైతే ఈ లెక్క ముందే వేసుకోండి.

వీసాకు సెవిస్‌ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. కట్టేరోజు అధికారిక సైటులో మరోసారి సరిచూసుకోండి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ నిమిషాల్లో అయిపోతుంది. ‘ఈ వయసులో ఎందుకు’ అన్నదానికి ఎస్‌ఓపీలో రాసిందే రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. డబ్బు ఎవరిస్తున్నారు, చదువయ్యాక ఏ పనికి తిరిగొస్తారు అన్నవాటికీ అంతే క్లుప్తంగా జవాబివ్వండి. వీసా ముందే వచ్చినా, ఐ-20లో ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజులకంటే ముందు దేశంలోకి రానివ్వరు. ఉద్యోగానికి నోటీసు, విమాన టికెట్టు ఆ తేదీని బట్టే పెట్టుకోండి.