దత్తత కాగితాల్లోని మాటలను అర్థం చేసుకోవడం ఎలా?

వరంగల్, హనుమకొండ ప్రాంతాల్లో బిడ్డను తెచ్చుకోవాలనుకునే దంపతులు దరఖాస్తుకు ముందే తెలుసుకోవలసినది దత్తతకూ ఫోస్టర్ కేర్‌కూ ఉన్న తేడా. దత్తతతో బిడ్డకు సొంత సంతానంతో సమానమైన హక్కులు శాశ్వతంగా వస్తాయి. ఫోస్టర్ కేర్ అంటే బాలల సంక్షేమ సమితి ఆదేశంతో బిడ్డను కొంతకాలం మరో కుటుంబంలో పెంచడం. దానివల్ల వారసత్వ హక్కు ఏర్పడదు.

ఎక్కువమంది తడబడేది ‘దత్తతకు ముందు ఫోస్టర్ కేర్’ అనే మాట దగ్గర. ఎంపికైన బిడ్డను దత్తత ఉత్తర్వు రాకముందే కాబోయే తల్లిదండ్రులకు అప్పగించే దశ ఇది కాబట్టి, బిడ్డ ఇంట్లో ఆడుకుంటున్నా చట్టరీత్యా దత్తత ఇంకా పూర్తయినట్టు కాదు. 2022 నుంచి బాలల న్యాయ చట్టం కింద ఆ ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు.

‘గృహ అధ్యయన నివేదిక’ అంటే సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి ఆదాయం, ఆరోగ్యం, ఇంట్లోవాళ్ల అభిప్రాయం అడిగి రాసేది. ఇది మూడేళ్లు చెల్లుతుంది. అత్తగారికి ఇష్టం లేకపోతే ఆ సంగతి దాచకండి; రేపు ఆ ఇంట్లో పెరగవలసింది పసిబిడ్డ.

కన్నవారు బిడ్డను సమితికి అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి వారికి 60 రోజుల గడువుంటుంది. ఆ తరువాతే సమితి ఆ బిడ్డను ‘చట్టపరంగా దత్తతకు అర్హత గల బిడ్డ’గా ప్రకటిస్తుంది.

మధ్యవర్తి రాయించే బాండ్ పేపర్‌ను మాత్రం ఎన్నడూ నమ్మకండి. డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం నేరం. దత్తతలను చూసే కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. సందేహాలుంటే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి.