తెవికీలో వాడుకరి పేజీ రాసే ముందు

బెంగళూరు నుంచి తెలుగు వికీపీడియాలో కొత్తగా చేరుతున్నవారు తమ గురించి చెప్పుకునే వాడుకరి పేజీని ప్రచురించే ముందు ఇవి చూసుకోండి.

ఫోన్ నంబరు, అపార్ట్‌మెంటు పేరు, పిల్లల బడి పేరు రాయకండి. తర్వాత చెరిపేసినా పేజీ చరిత్రలో పాత కూర్పు ఉండిపోతుంది, ఎవరైనా తెరిచి చదవచ్చు. "బెంగళూరులో ఉంటాను" చాలు. పొరపాటున రాసేస్తే ఆ కూర్పును దాచమని నిర్వాహకులను ఈమెయిల్లో అడగండి. చర్చా పేజీలో అడిగితే అందరి కళ్ళూ అక్కడే పడతాయి.

డబ్బు తీసుకుని రాస్తుంటే ఎవరి కోసమో చెప్పండి. వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నియమాల ప్రకారం అది తప్పనిసరి.

"పుస్తకాలు, సంగీతం ఇష్టం" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "లాల్‌బాగ్ చెట్ల ఫొటోలు తీస్తాను, కన్నడ పత్రికలు చదవగలను" అని రాయండి. చెట్ల వ్యాసాలకు బొమ్మలు కావలసినవారు, కన్నడ ఆధారాలు సరిచూడాల్సినవారు వెతుక్కుంటూ వస్తారు.

ఏ భాష ఎంత వచ్చో అంకెల్లో చూపే బాబెల్ పెట్టెలో కన్నడ స్థాయి ఉన్నంతే పెట్టండి. కూరగాయల బేరానికి సరిపోయే కన్నడైతే 1. ఎక్కువ పెడితే అనువాదాలు సరిచూడమంటారు.

ఫొటో మీరు తీసిందే ఎక్కించండి. స్నేహితులు తీసినదానిపై హక్కు వాళ్ళది, అనుమతి లేకుంటే వికీ ఫొటోలు దాచే కామన్స్‌లో తొలగిస్తారు.

నాలుగు టిల్డేలు (~~~~) పెడితే వచ్చే సంతకం చర్చా పేజీల్లోనే, వాడుకరి పేజీలో అక్కర్లేదు.