షెల్టర్ నుంచి తెచ్చిన వీధికుక్క ఇంట్లో కుదురుకోవాలంటే

'వచ్చి మూడు రోజులైంది, ఒక్కసారైనా మొరగలేదు, ఎంత బుద్ధిమంతురాలో' అని మురిసిపోకండి. అది బుద్ధి కాదు, బెదురు. మూలన ముడుచుకుని పడుకునే కుక్క మూడో వారంలో చెప్పులు కొరికి, డెలివరీ అబ్బాయి మీద మొరిగిందంటే చెడిపోయిందని కాదు, ఇప్పుడిప్పుడే ధైర్యం వచ్చిందని. మూడు రోజులు బెదురు, మూడు వారాల్లో అలవాటు, మూడు నెలలకు 'ఇది నా ఇల్లు' అన్న భరోసా: ఇది సుమారు లెక్కే. కొన్నిటికి ఆరు నెలలూ పడుతుంది.

తెచ్చేటప్పుడు కాగితాలు అడిగి తీసుకోండి: యాంటీ రేబిస్ టీకా ఎప్పుడు వేశారు, డిస్టెంపర్, పార్వో (కుక్కల ప్రాణం తీసే వైరస్ జబ్బులు) టీకాలు పడ్డాయా, నులిపురుగుల మందు చివరిసారి ఎప్పుడు ఇచ్చారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా. చెవి అంచున చిన్న కోత కనిపిస్తే గాయమనుకోకండి. ఆపరేషన్ అయిన వీధికుక్కకు పెట్టే గుర్తు అది.

మొదటి వారం దానికి ఒక్క గది, ఒక్క మూల చాలు. పాత దుప్పటి, నీళ్ల గిన్నె పెట్టి వదిలేయండి. బంధువులను పిలిచి చూపించడం, స్నానం చేయించడం, పిల్లలు వాటేసుకోవడం, ఇవన్నీ తర్వాత. ఎక్కువమంది తప్పు చేసేది ముద్దు ఎక్కువై. కుక్క మూతి నాక్కుంటున్నా, నిద్ర రాకుండానే ఆవలిస్తున్నా, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనపడేలా చూస్తున్నా 'చాలు, జరుగు' అంటోందని అర్థం. అప్పుడూ చెయ్యి చాపితే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు తిట్టకండి. తిడితే ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

తెచ్చుకున్న కుక్క తప్పిపోయేది ఎక్కువగా ఈ మొదటి రోజుల్లోనే, అదీ కాలర్ జారి. ఎదురుగా బుల్లెట్ బండి రాగానే కుక్క ముందుకు కాదు, వెనక్కి గుంజుతుంది. తల వంచి, చెవులు అణచి ఒక్క గుంజు గుంజితే కాలర్ మీ చేతిలో, కుక్క రోడ్డు మీద. మన దేశీ కుక్కల మెడ, తల దాదాపు ఒకే లావుంటాయి కాబట్టి కాలర్‌ను నమ్ముకోవద్దు. ఛాతీకి వేసే హార్నెస్, దానికి తోడు కాలర్, రెండింటినీ కలిపి లీష్ (చేత్తో పట్టుకునే తాడు). పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల వచ్చిన రోజే తగిలించండి. నడక తెల్లవారుజామున, రద్దీ లేని సందులో. ఎండాకాలంలో అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

వీధిలో పెరిగింది మట్టి మీదే ఒంటికి పోతుంది. టైల్స్ మీద ఆపుకుని ఆపుకుని చివరికి మీ పరుపు మీద కానిస్తుంది. లేవగానే, తిన్న పావుగంటకు, పడుకునే ముందు తీసుకెళ్లండి. బయట పోసిన క్షణంలోనే చిన్న చికెన్ ముక్క పెట్టండి, ఇంటికొచ్చాక పెడితే దేనికో దానికి తెలియదు. లోపల పోస్తే ఫినాయిల్ వాడకండి. దాన్ని నాకితే కుక్కకు విషం. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడవండి. వాసన మిగిలితే అదే చోటికి మళ్లీ వస్తుంది.

తిండి: మొదటి మూడు రోజులు షెల్టర్‌లో ఏది పెట్టారో అదే. తర్వాత వారం రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి, ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు. పదిహేను కిలోల ఎదిగిన కుక్కకు రోజుకు దాదాపు 800 కేలరీలు కావాలి: వండిన అన్నం 250 గ్రాములు, ఎముకల్లేని ఉడికిన చికెన్ 200 గ్రాములు, ఒక గుడ్డు, గుప్పెడు గుమ్మడికాయ లేదా క్యారెట్, చెంచా నూనె. దాన్ని రెండు పూటలుగా పెట్టండి. ఇందులో కాల్షియం చాలదు, ఎంత కలపాలో డాక్టర్ చెబుతారు. పెరుగన్నం ఒక్కటే పెడితే కండ పట్టదు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు దగ్గరికి రానివ్వొద్దు.

మన దగ్గర అసలు శత్రువు పిడుదులు, అదే గోమార్లు. చెవి లోపల, కాలివేళ్ల మధ్య, తోక మొదట్లో వేలితో తడిమి రోజూ వెతకండి. అన్నం మాని, చిగుళ్లు పాలిపోయి, జ్వరం 103 డిగ్రీలు దాటితే రక్తపరీక్ష చేయించండి. పిడుదులు కుట్టడంతో వచ్చే టిక్ ఫీవర్‌కు డాక్టర్ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే సాధారణంగా 28 రోజుల కోర్సు. వారానికే గెంతుతోందని ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. మనం వేసుకునే జ్వరం మాత్రలు మాత్రం వేయకండి.

ఒంటరిగా ఉండడమూ నేర్పాలి. మొదట అర నిమిషం తలుపు మూసి తిరిగి రండి, తర్వాత రెండు నిమిషాలు, ఐదు, ఇరవై. వెళ్లేటప్పుడు బుజ్జగింపులు, వచ్చాక హడావుడి వద్దు.

ఇక దీపావళి. ఆ వారమంతా సాయంత్రం ఐదులోపే నడక ముగించండి, కిటికీలు మూసి ఫ్యాన్, టీవీ పెట్టండి. బాత్రూంలో దూరిందంటే లాగకుండా దుప్పటి అక్కడే వేయండి. వీధి తలుపు తీసేముందు అది ఎక్కడుందో చూసుకుని గొళ్లెం తీయండి.