గోల్కొండ ఎక్కేటప్పుడు నీళ్లు వేడెక్కకుండా

ఎండాకాలం ఫ్రెండ్స్‌తో గోల్కొండకి వెళ్తే బాలాహిస్సార్ సగం ఎక్కేసరికే సీసాలో నీళ్లు కాగిపోతాయి. రాత్రే సీసా నిండా గడ్డ కట్టించి తీసుకెళ్తే ఇంకో తంటా, దాహమేసినప్పుడు చుక్క కూడా రాలదు.

ఇప్పుడు ఇలా చేస్తున్నా. లీటరు ప్లాస్టిక్ సీసాలో 300 మి.లీ. నీళ్లే పోసి, ఫ్రీజర్‌లో అడ్డంగా పడుకోబెడతా. ఐసు పక్కగా పరుచుకుంటుంది, మూతి దగ్గర అడ్డం పడదు. పొద్దున బయల్దేరే ముందు మిగతాది చల్లటి నీళ్లతో నింపి, తడిపి పిండిన నూలు తువ్వాలు చుట్టేస్తా. సీసా బ్యాగులో పెట్టకుండా బయట గాలి తగిలేలా వేలాడదీయాలి. తువ్వాలు ఆరితే మళ్లీ తడపాలి. నీళ్ల బదులు మజ్జిగ పోసినా బాగుంటుంది, కాకపోతే కాస్త చిక్కగా, ఉప్పు ఒక చిటికెడు ఎక్కువగా కలపండి. ఐసు కరిగితే పలచబడుతుంది కదా.

తడిగుడ్డ పని చేసేది హైదరాబాద్ లాంటి పొడి ఎండకే. వైజాగ్ బీచ్ ఉక్కపోతలో పెద్దగా లాభం లేదు, అక్కడ ఐసు సగం దాకా పెట్టుకోండి. గాజు సీసా మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొద్దు, పగులుతుంది.