కంబళి కప్పినా వేడెక్కని మనిషి: చలి ప్రమాదాల గుర్తింపు, చికిత్స

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో పొట్టంగి, సెమిలిగుడ, నందపూర్ వైపు డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున ఎవరైనా మాట ముద్దగా వస్తూ, అడుగులు తూలుతూ, పిలిస్తే ఆలస్యంగా పలుకుతూ కనబడితే, ముందుగా చొక్కా లోపలికి చేయి పోనిచ్చి పొట్టను తాకి చూడాలి. ఆ వేళ చేతులు, కాళ్లు అందరికీ చల్లగానే ఉంటాయి. పొట్ట కూడా చల్లగా తగిలితే శరీరం లోపలి వేడి పడిపోతోందని అర్థం. క్షణంలో అయ్యే ఈ పరీక్షను వదిలేసి, అందరూ నెగడు వేయడానికి పుల్లల కోసం పరుగెడుతూ ఉంటారు.

చిన్న బాధలకు ఇంత కంగారు అక్కరలేదు. చలిలో తిరిగివచ్చిన కొన్ని గంటలకు వేళ్ల మీద ఎర్రగా, ఊదాగా దురదపెట్టే వాపులు లేస్తే, వాటిని గోకకుండా, కుంపటికి దగ్గరగా పెట్టకుండా, పొడి మేజోళ్లలో నెమ్మదిగా వేడెక్కనిస్తే రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. చల్లని నీళ్లలో గంటల తరబడి నిలబడిన వారి పాదాలు పాలిపోయి, స్పర్శ తెలియకుండా ఉబ్బితే, తుడిచి ఆరబెట్టి ఎత్తుగా ఉంచాలి, రుద్దకూడదు. పొక్కులు లేచినా, స్పర్శ తిరిగి రాకపోయినా వైద్యునికి చూపించాలి.

అసలు మోసం చేసేది లోపలి తడి. బరువు మోస్తూ ఘాట్ ఎక్కినవాడికి, మంచులో మోటారు సైకిలు మీద 1672 మీటర్ల దేవమాలి శిఖరానికి వెళ్లివచ్చినవాడికి, పైనున్న స్వెటర్ పొడిగానే ఉన్నా లోపలి బనియను చెమటతోనో మంచుతోనో తడిసి ఒంటికి అంటుకుని ఉంటుంది. నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి, ఆ బనియను మీద ఎన్ని కంబళ్లు కప్పినా మనిషి వేడెక్కడు, చుట్టూ ఉన్నవారికి కారణం అంతుపట్టదు. పొట్టను తాకిన చేతికే ఆ తడి కూడా తెలుస్తుంది. దానికి ఇప్పసారా వాసన తోడైతే, తాగి పడిపోయాడని అనుకుని అలాగే వదిలేస్తారు. నిజానికి సారా చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి వేడిని బయటికి పోనిస్తుంది, వణుకును అణచివేస్తుంది. వణుకు ఆగడాన్ని కోలుకోవడంగా భావించడం ఇంకా ప్రమాదకరం. లోపలి వేడి సుమారు 90 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గేసరికి వణికే శక్తి కూడా పోతుంది.

థర్మామీటరును నమ్మి ఊరుకోవడం కూడా తగదు. గాజు థర్మామీటరును విదిలించకపోతే వెనుకటి రోగి వేడినే చూపుతుంది. చాలావాటిలో కొలత 94 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది కాబట్టి అంతకన్నా తక్కువను చూపలేవు. అసలు 95 కన్నా తగ్గితే చాలు, ప్రమాదం మొదలైనట్లే. డిజిటల్ పరికరం అంకె చూపకుండా తక్కువ అన్న గుర్తు మాత్రమే చూపితే, అది పాడైందని పక్కన పెట్టకూడదు.

చికిత్స ఈ క్రమంలో సాగాలి. గాలి తగలని చోటికి కుదుపు లేకుండా మోసుకువెళ్లి, నేల చలి వీపుకు ఎక్కకుండా గడ్డి, గోనెసంచులు పరచి పడుకోబెట్టాలి. తడి బట్టలను అవసరమైతే కత్తిరించి తీసి, ఒళ్లు తుడిచి, తలతో సహా పొడి దుప్పట్లు చుట్టాలి. వేడినీళ్ల సీసాలను బట్టలో చుట్టి చంకల్లో, ఛాతీ పక్కన పెట్టాలి. కాళ్లకు, చేతులకు వద్దు. స్పృహ తిన్నగా ఉండి మింగగలిగితేనే తీపి కలిపిన గోరువెచ్చని టీ ఇవ్వాలి. నూనె రాసి మర్దన చేయడం, నిలబెట్టి నడిపించడం, కదిలిస్తూ లేపడం గుండె లయను తప్పించగలవు. స్పర్శలేని చర్మం మంటకు కాలినా తెలియదు కాబట్టి నెగడు దగ్గర కూర్చోబెట్టకూడదు.

మాట తడబడినా, వణుకు ఆగినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. శ్వాస, నాడి చాలా నెమ్మదిగా ఉండవచ్చు కనుక పూర్తి నిమిషం చూడాలి. వేడెక్కించక ముందే చనిపోయాడని తేల్చకూడదు. పసిపిల్లల విషయంలో తల్లి ఛాతీకి చర్మం చర్మానికి ఆనేలా పెట్టి, ఇద్దరినీ కలిపి కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మాంసం గడ్డకట్టే అసలైన మంచు దెబ్బ ఇక్కడ సాధారణంగా రాదు. ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసేవారికి వస్తే గోరువెచ్చని నీళ్లలో ముంచి ఆసుపత్రికి తీసుకువెళ్లడమే. చలికి వేళ్లు తెల్లబడి, నీలంగా మారి, మళ్లీ ఎర్రబడుతూ ఉండటం రక్తనాళాలకు సంబంధించిన మరో జబ్బు. దానికి వైద్యుని సలహా చాలు.